మొదటిసారి ఇంట్లో బీరు తయారు చేయాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తచేయి:
అందరికీ నమస్కారం. ఇంట్లో బీరు తయారు చేయడం నేర్చుకోవాలని ఉంది. చదివే కొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకరు గింజలతోనే మొదలుపెట్టాలంటారు, ఇంకొకరు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ నుంచి తీసిన తీపి సారం) చాలంటారు. సామాన్ల జాబితాలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. నా దగ్గర ఉన్నవి పది లీటర్ల స్టీలు గిన్నె, ఒక థర్మామీటర్, వంటగదిలో కొంచెం చోటు. ఇంకా తప్పనిసరిగా ఏమేం కావాలి? మొదటిసారి ఎన్ని లీటర్లు చేయడం మంచిది?

ఇంకో సంగతి. ఇంట్లో చేసినది తాగితే ఏమవుతుందోనని మావాళ్లకి భయం. మిథనాల్ గురించి ఎక్కడో చదివారట. వాళ్లకి నచ్చజెప్పేలా ఎవరైనా వివరిస్తే మేలు.

మాల్ట్‌గింజ:
స్వాగతం అండి. ముందుగా ఒక్క మాట. మీరుండే చోట ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. ఒక్కో దేశంలో, ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో కూడా ఫెడరల్ చట్టం ప్రకారం దీనికి అనుమతి దొరికింది 1979లోనే. ఆ తర్వాత కూడా కొన్ని రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. కాబట్టి సామాన్లు కొనకముందే ఆ పని చూసుకోండి.

ఇక మిథనాల్. అది ప్రధానంగా పండ్లలో ఉండే పెక్టిన్ నుంచి పుడుతుంది. బార్లీ మాల్ట్‌లో పెక్టిన్ దాదాపు ఉండదు కాబట్టి బీరులో తయారయ్యే మిథనాల్ లెక్కలోకి రానంత తక్కువ. వార్తల్లో వచ్చే మరణాలు ఎక్కువగా కల్తీ సారావి. అమ్మేవాళ్లు పారిశ్రామిక మిథనాల్ కలపడం వల్ల జరిగేవి. మనం ఇక్కడ పులియబెడుతున్నాం, అంతే. బట్టీ పెట్టి ఆవిరి పట్టడం పూర్తిగా వేరే పని. అది ఇంట్లో చేయకూడదు, చాలా చోట్ల నేరం కూడా. మిగతా భయానికి వస్తే, బాగా పులిసిన బీరులో ఆల్కహాల్, హాప్స్ అనే పువ్వుల చేదు, ఆమ్లత్వం మూడూ ఉంటాయి. రోగాలు తెచ్చే బాక్టీరియా అందులో బతకడం చాలా కష్టం. పాడైన బీరు రుచి చెడుతుంది తప్ప సాధారణంగా ప్రాణం మీదికి రాదు. ఈ ముక్క మీవాళ్లకి చెప్పండి.

పరిమాణం సంగతి: మీ గిన్నెకి నాలుగున్నర లీటర్లు సరిగ్గా సరిపోతాయి. అందరూ చెప్పే ఇరవై లీటర్ల లెక్క మొదటిసారి వద్దు. అంత నీరు మరిగించాలన్నా, చల్లార్చాలన్నా, ఎత్తి పక్కన పెట్టాలన్నా అన్నీ కష్టమే. చిన్న మోతాదులో చేస్తే పని మీద దృష్టి నిలుస్తుంది. గింజలా, ఎక్స్‌ట్రాక్టా అంటే మొదటిసారికి ఎక్స్‌ట్రాక్టే చాలు.

కావాల్సినవి: ఆరేడు లీటర్ల ఫుడ్‌గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్టు (గట్టిగా మూసుకునే మూతతో), ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వనిది), సైఫన్ గొట్టం (బకెట్టులోంచి బీరు దింపడానికి), హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది), కడగనవసరం లేని శానిటైజర్, గ్రాముల్లో తూచే త్రాసు, సీసాలు, మూతలు. గాజు కార్బాయ్‌లు (పెద్ద సీసాలు) చూడ్డానికి బాగుంటాయి కానీ తడిచేత్తో జారితే చేతులు తెగుతాయి. కొత్తవాళ్లకి ప్లాస్టిక్కే మేలని నా గట్టి అభిప్రాయం.

బార్లీకంకి:
మాల్ట్‌గింజ గారితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ ఎక్స్‌ట్రాక్ట్ దగ్గరే ఎందుకు ఆగాలి? నాలుగున్నర లీటర్లకి పది లీటర్ల గిన్నెలో గింజలతో హాయిగా చేయొచ్చు. దంచిన పేల్ మాల్ట్ 900 గ్రాములు గుడ్డ సంచిలో పోసి, 66 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టి, సంచి పైకెత్తి వడకట్టడమే. మాల్ట్‌లోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. వేడి 63 వైపు ఉంటే బీరు పలచగా, తీపి మిగలకుండా వస్తుంది. 69 వైపు ఉంటే చిక్కగా వస్తుంది. ఈ పట్టు ఎక్స్‌ట్రాక్ట్‌తో దొరకదు. వేరే ఎవరో మన బదులు చేసేసిన పని అది.

మాల్ట్‌గింజ:
బార్లీకంకి గారూ, రెండోసారికి అదే చేయమని నేనూ చెప్తాను. మొదటిసారి మాత్రం ఎక్స్‌ట్రాక్టే. ఎందుకంటే కొత్తవాళ్లు నేర్చుకోవాల్సిన అసలు పని శుభ్రత, ఈస్ట్‌ని సరైన వేడిలో ఉంచడం. బీరు చేసేది ఈస్టే, మనం దానికి చక్కెర నీళ్లు తయారు చేసిపెడతాం, అంతే. మొదటిరోజే గంటసేపు గిన్నె వేడి పట్టుకునే పని కూడా పెడితే ఆ రెండింటి మీదా శ్రద్ధ తగ్గుతుంది.

కొత్తచేయి గారూ, తేలిక రెసిపీ ఇదిగో. పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (లేతరంగుది) 500 గ్రాములు. క్యాస్కేడ్ రకం హాప్స్ పెల్లెట్లు (గుళికలు) 12 గ్రాములు. ఏల్ రకం బీరుకి వాడే డ్రై ఈస్ట్ ఒక పాకెట్, యూఎస్-05 లాంటిది ఏదైనా సరే. నీళ్లు ఆరు లీటర్లతో మొదలుపెడితే గంట మరుగుకి నాలుగున్నర దగ్గరికి వస్తాయి. తగ్గితే కాచి చల్లార్చిన నీళ్లు కలపండి. దీంతో మొదటి సాంద్రత (నీళ్లని 1.000 అనుకుంటే) 1.040 చుట్టూ వస్తుంది. పదకొండు గ్రాముల ఈస్ట్ పాకెట్ ఇరవై లీటర్లకి ఉద్దేశించింది కాబట్టి మీకు మూడు గ్రాములు చాలు. కాస్త ఎక్కువ వేసినా నష్టం లేదు.

ఓపికమంత్రం:
శుభ్రత గురించి నేను విడిగా రాస్తాను. ఈ విషయంలో తొందరపడేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మంచి మాల్ట్, మంచి హాప్స్ అన్నీ పెట్టి, చివరికి ఒక గొట్టం లోపలి జిడ్డు వల్ల అంతా పారబోయాల్సి వస్తుంది.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. ముందు జిడ్డు, మరకలు, పాత అట్టు అంతా పోయేలా కడగాలి. మురికి మీద శానిటైజర్ పోస్తే అది పనిచేయదు. కింద దాక్కున్న సూక్ష్మజీవులు అలాగే ఉంటాయి. బకెట్టు లోపలివైపు గరుకు పీచు వాడొద్దు. గీతలు పడితే ఆ గీతల్లోనే బాక్టీరియా ఇల్లు కట్టుకుంటుంది. మెత్తటి స్పాంజి చాలు. కుళాయి ఉన్న బకెట్టయితే ఆ కుళాయి విప్పి, లోపలి రబ్బరు వాషర్ తీసి మరీ కడగండి. చాలామంది మర్చిపోయే చోటు అది.

తర్వాత శానిటైజర్. స్టార్ శాన్ లాంటి ఆమ్లపు రకమైతే లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీలీటర్లు. ఒకటి రెండు నిమిషాలు తడి తగిలితే చాలు, మళ్లీ కడగక్కర్లేదు. నురగ మిగిలినా ఫర్వాలేదు, బీరుకి హాని చేయదు. ఒక స్ప్రే బాటిల్లో కూడా పోసి దగ్గర పెట్టుకోండి. కత్తెర, ఈస్ట్ పాకెట్ అంచు, మీ చేతులు, అన్నిటి మీదా కొట్టండి.

బ్లీచ్ వాడాలనుకుంటే వద్దనే చెప్తాను. సరిగ్గా కడగకపోతే అందులోని క్లోరిన్ మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి మందుల వాసన, బ్యాండేజీ వాసన పుట్టిస్తుంది. బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ మరే ఆమ్లంతో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వచ్చినా అదే సమస్య. నీళ్లలోని క్లోరిన్‌ని పోగొట్టే క్యాంప్‌డెన్ మాత్ర ఒక్కటే వేస్తే డెబ్బై అయిదు లీటర్ల నీళ్లకి సరిపోతుంది. మీకు చిన్న ముక్క చాలు.

మరిగే గిన్నెలోకి వెళ్లే వాటిని శానిటైజ్ చేయనవసరం లేదు, మరుగే ఆ పని చూసుకుంటుంది. స్టవ్ ఆపిన క్షణం నుంచి మాత్రం వోర్ట్‌ని (ఇంకా పులియని తీపి మాల్ట్ నీళ్లని) తాకే ప్రతిదీ శానిటైజ్ అయి ఉండాలి.

కొత్తచేయి:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఎక్స్‌ట్రాక్ట్‌తోనే చేస్తాను. మరిగించే రోజు ఏది ఎప్పుడు వేయాలో, దేనికి జాగ్రత్తపడాలో కాస్త చెప్పగలరా? హాప్స్ ఒకేసారి వేసేయకూడదా?

హాప్స్‌తీగ:
ఇది నాకిష్టమైన భాగం, నేను చెప్తాను.

నీళ్లు వేడెక్కాక స్టవ్ ఆపి, అప్పుడే ఎక్స్‌ట్రాక్ట్ పొడి వేసి కలపండి. మంట ఉండగా వేస్తే అడుగంటి మాడుతుంది. పొడికి ఆవిరి తగిలితే చెంచాకి బంకలా అతుక్కుంటుంది కాబట్టి తడిలేని గిన్నెలోంచి ఒకేసారి ధారగా పోయండి. గడ్డలు కట్టినా కంగారు లేదు, మరుగులో కరిగిపోతాయి.

మళ్లీ మంట పెట్టాక స్టవ్ దగ్గర్నుంచి కదలొద్దు. మరుగు మొదలయ్యే ముందు పైన గోధుమరంగు నురగ మందంగా పేరుకుంటుంది. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఉన్నట్టుండి అంచుల దాకా ఎగసి పొంగుతుంది. మంట తగ్గించి, చల్లటి నీళ్లు స్ప్రే కొడితే దిగిపోతుంది. కొన్ని నిమిషాలకి ఆ నురగ విరిగి, విరిగిన పాలలాంటి తునకలు వోర్ట్‌లో తిరుగుతూ కనబడతాయి. అవి ప్రొటీన్లు. ఇక పొంగే భయం తగ్గినట్టే. అప్పుడు మొదటి హాప్స్ 7 గ్రాములు వేసి గంట లెక్క మొదలుపెట్టండి. వేయగానే మళ్లీ కాస్త పొంగుతుంది, చూసుకోండి.

హాప్స్‌లో ఆల్ఫా ఆమ్లాలుంటాయి. వాటంతట అవి సరిగ్గా కరగవు. ఎక్కువసేపు మరిగితే రూపం మారి, కరిగే చేదుగా అవుతాయి. అందుకే చేదు కోసం వేసేవి గంట మరగాలి. వాసననిచ్చే నూనెలు దీనికి పూర్తిగా వ్యతిరేకం, మరిగే కొద్దీ ఆవిరైపోతాయి. మిగతా 5 గ్రాములు ఆఖరి పది నిమిషాల్లో వేయమనేది అందుకే. అన్నీ మొదట్లోనే వేస్తే చేదు మిగులుతుంది, నారింజ తొక్కని తలపించే క్యాస్కేడ్ పరిమళం పోతుంది.

మరిగేటప్పుడు మూత పెట్టొద్దు. ఉడికిన మొక్కజొన్న వాసన తెచ్చే డీఎంఎస్ అనే పదార్థం ఆవిరితో బయటికి పోవాలి.

చల్లార్చడానికి సింకులో ఐసు నీళ్లు పోసి గిన్నె అందులో పెట్టండి. ఇప్పుడు మూత పెట్టొచ్చు. బయటి నీళ్లు వేడెక్కితే మార్చండి. నాలుగున్నర లీటర్లు కాబట్టి త్వరగానే 20 డిగ్రీలకి వస్తుంది. బకెట్టులోకి కాస్త ఎత్తునుంచి పోస్తే ఆక్సిజన్ కలుస్తుంది. ఈస్ట్ పెరగడానికి అది కావాలి. ఈ ఒక్క సమయంలోనే. పులియడం మొదలయ్యాక ఆక్సిజన్ తగిలితే బీరు తడి అట్టముక్క రుచికి వస్తుంది.

ఈస్ట్ వేసే ముందే హైడ్రోమీటర్ రీడింగ్ తీసి రాసిపెట్టుకోండి. తర్వాత ఎంత ఆల్కహాల్ వచ్చిందో దాన్నిబట్టే తెలుస్తుంది. పరీక్షకి తీసిన వోర్ట్ మళ్లీ బకెట్టులో పోయకండి. రుచి చూడండి, బాగుంటుంది.

నురగతెల్ల:
హైడ్రోమీటర్ మీద ఎన్ని డిగ్రీల దగ్గర చదవాలో రాసి ఉంటుంది, చాలావాటికి 20. వేడి వోర్ట్‌లో పెడితే తక్కువ చూపిస్తుంది. హైడ్రోమీటర్‌ని గిరగిర తిప్పి వదలండి, అంటుకున్న బుడగలు ఊడిపోతాయి. కన్ను నీటిమట్టానికి సమానంగా పెట్టి, అంచున పైకి పాకిన గీత కాకుండా మధ్యలో ఉన్న మట్టం చదవాలి.

కొత్తచేయి:
నిన్న రాత్రి చేసేశాను! రీడింగ్ 1.042 వచ్చింది. హాప్స్‌తీగ గారు చెప్పినట్టే నురగ ఎగసింది, స్ప్రే బాటిల్ చేతిలో ఉంది కాబట్టి స్టవ్ మీద పడలేదు. ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, ఈ సాయంత్రానికి కూడా ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ రాలేదు. ఈస్ట్ చచ్చిపోయిందా? మళ్లీ వేయనా? గదిలో 27 డిగ్రీలుంది.

ఓపికమంత్రం:
ఏమీ వేయొద్దు, మూత తీయొద్దు. ఈస్ట్ ముందు సంఖ్య పెంచుకుంటుంది, ఆ తర్వాతే నురగ కడుతుంది. మూడు రోజులదాకా ఎదురుచూడొచ్చు. పైగా బుడగలు నమ్మదగ్గ గుర్తు కావు. మూత అంచున సన్నటి సందున్నా గాలి అటునుంచే పోతుంది, ఎయిర్‌లాక్ కదలదు. బకెట్టు పక్కనుంచి టార్చి వేసి చూడండి. లోపల పైన నురగ పొరో, దాని ఎత్తున గోధుమరంగు వలయమో కనబడితే పని జరుగుతున్నట్టే.

బార్లీకంకి:
బుడగల కన్నా నన్ను కలవరపెడుతున్నది ఆ 27 డిగ్రీలు. పులిసేటప్పుడు ఈస్ట్ సొంతంగా వేడి పుట్టిస్తుంది. లోపల గది కన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. యూఎస్-05 లాంటి ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 20 మధ్య ఉంచితే శుభ్రమైన రుచి వస్తుంది. 30 దాటితే గొంతులో మంట పుట్టించే ఘాటైన ఆల్కహాల్స్ పుడతాయి. అవి తర్వాత ఎంత నిలవ పెట్టినా పోవు.

ఇప్పుడే చేయండి: పెద్ద టబ్బులో నీళ్లు పోసి బకెట్టు అందులో పెట్టండి. పాత కాటన్ టీషర్టు బకెట్టుకి తొడిగి, దాని కింది అంచు నీళ్లలో మునిగేలా ఉంచండి. ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఐసు కట్టిన నీళ్ల సీసా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి టబ్బులో వేస్తూ ఉండండి. అయిదారు డిగ్రీలు సులువుగా దిగుతుంది. మొదటి మూడు నాలుగు రోజులే ముఖ్యం. రుచులు చాలావరకు అప్పుడే తయారవుతాయి.

హాప్స్‌తీగ:
వేడి ప్రాంతాల్లో ఉండేవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా వాడే క్వైక్ అనే ఈస్ట్ 30 నుంచి 40 డిగ్రీల మధ్య కూడా చక్కగా పులియబెడుతుంది. కొద్ది రోజుల్లో పని ముగించేస్తుంది. వచ్చేసారి చల్లదనం కష్టమైతే అది ప్రయత్నించండి. లేగర్ (చల్లగా పులియబెట్టే బీరు) మాత్రం ఇప్పుడే వద్దు. ఆ ఈస్ట్‌కి మామూలుగా 10 నుంచి 13 డిగ్రీలు కావాలి, ఫ్రిజ్ లేకుండా కుదరదు.

కొత్తచేయి:
టబ్బు, టీషర్టు ఉపాయం పనిచేసింది. బకెట్టు బయట అంటించిన థర్మామీటర్ 20 చూపిస్తోంది. టార్చి వేస్తే మందపాటి నురగ కనిపించింది, ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఇంకో బకెట్టులోకి మార్చాలా? కొన్నిచోట్ల సెకండరీ అని రాశారు.

మాల్ట్‌గింజ:
వద్దు. అది పాతకాలపు సలహా. మామూలు ఏల్‌కి రెండు మూడు వారాలు ఒకే బకెట్టులో ఉంచితే ఏ నష్టమూ లేదు. మార్చినప్పుడల్లా ఆక్సిజన్ తగులుతుంది, శానిటైజ్ చేయాల్సినవి పెరుగుతాయి. నురగ దిగిపోయాక కూడా ఈస్ట్ ఊరుకోదు. పచ్చి యాపిల్ వాసన తెచ్చే అసిటాల్డిహైడ్‌నీ, వెన్న వాసన తెచ్చే డయాసిటైల్‌నీ తిరిగి తినేసి బీరుని శుభ్రం చేస్తుంది. దానికి కావాల్సింది సమయమే. రెండు వారాలయ్యాక రీడింగ్ తీసి ఇక్కడ రాయండి.

కొత్తచేయి:
రెండు వారాలు దాటింది. రీడింగ్ 1.011. మూడు రోజులాగి మళ్లీ తీస్తే అదే 1.011. రుచి చూశాను, గ్యాస్ లేదు కానీ బీరే! సీసాల్లో పోయొచ్చా?

సీసామూత:
అభినందనలు! 1.042 లోంచి 1.011 తీసేస్తే 0.031, దాన్ని 131.25తో గుణిస్తే సుమారు 4.1 శాతం ఆల్కహాల్. రెండు రీడింగ్‌లూ ఒకటే కాబట్టి పులియడం ఆగింది, పోయొచ్చు. ఆ రెండో రీడింగ్ తీయకుండా సీసాల్లో పోసేవాళ్ల మీద నాకు కోపమొస్తుంది. పులియడం పూర్తికాని బీరుని బిగిస్తే సీసా పేలుతుంది. గాజుపెంకులు గదంతా ఎగురుతాయి. ఇది పెద్ద ప్రమాదం.

చక్కెర లెక్క: లీటరుకి 6 గ్రాముల మామూలు పంచదార. మడ్డి వదిలేస్తే మీకు నాలుగు లీటర్లు మిగులుతాయనుకుందాం, 24 గ్రాములు. చెంచాలతో కొలవొద్దు, తూచండి. కాసిని నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, శానిటైజ్ చేసిన రెండో గిన్నెలో ముందు పోయండి. దాని మీదికి బీరుని సైఫన్‌తో, గొట్టం కొస అడుగుకి తగిలేలా, చప్పుడు లేకుండా దింపండి. మెల్లగా రెండుసార్లు కలపండి. ఆ తర్వాత సీసాల్లోకి, పైన రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీతో.

సీసాలు మందపాటివే వాడాలి. బీరు సీసాలయితే మూత ఓపెనర్‌తో తీసేవి కావాలి, తిప్పి తీసేవి సరిగ్గా బిగవవు. గోధుమరంగు గాజు మంచిది. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోకి వెలుతురు దూరి హాప్స్ పదార్థాలని మార్చి ముక్కుపుటాలదిరే కంపు పుట్టిస్తుంది. ఒక్క సీసా మాత్రం సోడా వచ్చే ప్లాస్టిక్‌ది పెట్టండి. వేలితో నొక్కితే రోజురోజుకీ గట్టిపడటం తెలుస్తుంది. రాయిలా అయ్యిందంటే గ్యాస్ పట్టినట్టే.

20 డిగ్రీల దగ్గర, చీకట్లో, మూతున్న పెట్టెలో రెండు వారాలు. తర్వాత కనీసం రెండు రోజులు ఫ్రిజ్‌లో. చల్లటి బీరులోనే గ్యాస్ బాగా కలిసి నిలుస్తుంది.

కొత్తచేయి:
ప్లాస్టిక్ సీసా గట్టిపడింది. ఆగలేక వారానికే ఒకటి తెరిచాను. గ్యాస్ ఉంది కానీ నురగ వెంటనే పోతోంది, కాస్త పచ్చి యాపిల్ వాసన. ఏదైనా తేడా జరిగిందా?

ఓపికమంత్రం:
లేదండి, ఇంకా పచ్చిగా ఉంది. మిగతావి ముట్టుకోకండి. సీసాలో కూడా ఈస్ట్ పనిచేస్తూనే ఉంటుంది. నురగకి గ్లాసు కూడా కారణం కావచ్చు. సబ్బు జిడ్డు ఏమాత్రం ఉన్నా నురగ నిలవదు. వేడినీళ్లతో బాగా కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టండి.

కొత్తచేయి:
మీరన్నట్టే ఆగాను. నిన్న తెరిచిన సీసాలో ఆ వాసన లేదు, నురగ గ్లాసు చివరిదాకా ఉంది. మావాళ్లు కూడా రుచి చూసి ఇంకోటి తెరవమన్నారు. ఈసారి బార్లీకంకి గారు చెప్పిన గింజల పద్ధతి. ఒక ప్రశ్న: బకెట్టు అడుగున మిగిలే ఈస్ట్ మడ్డిని మళ్లీ వాడుకోవచ్చా?

బార్లీకంకి:
నిక్షేపంగా. బీరు దింపిన రోజే, కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం పోసి తిప్పి, శానిటైజ్ చేసిన గాజు జాడీలోకి పోయండి. మూత వదులుగా పెట్టండి, గ్యాస్ వస్తూ ఉంటుంది. ఫ్రిజ్‌లో ఒకటి రెండు వారాల్లోపు వాడేయండి. నాలుగున్నర లీటర్లకి పావు కప్పు చిక్కటి మడ్డి చాలు. వేసే ముందు వాసన చూడండి. పులుపు, కుళ్లు తగిలితే పారేసి కొత్త పాకెట్ తెరవండి. గింజలు దంచేటప్పుడు పొట్టు నలగకుండా చూసుకోండి, వడకట్టేటప్పుడు అదే జల్లెడగా పనికొస్తుంది. నీళ్లు ఏడు లీటర్లతో మొదలుపెట్టండి, గింజలు కొంత పీల్చుకుంటాయి. గింజలు పోసే ముందు నీళ్లు 69 డిగ్రీలుంటే, పోసి కలిపాక 66 దగ్గర ఆగుతుంది.